జూకన్ లోయలో కూలిన ఇల్లు

ఈ కథ ఎక్కడ ముగుస్తుందో ముందే చెప్పాలి. 2020 మే 24, ఆదివారం. పశ్చిమ ఆస్ట్రేలియాలోని పిల్బరా ఎర్రనేలలో ఒక ఇనుప ఖనిజపు గని అంచున పేలుడు మందు పేలింది. లోయలోని రెండు రాతి గుహలు ఆ దెబ్బకు పాడైపోయాయి. నలభై ఆరు వేల ఏళ్లుగా మనుషులు వచ్చి తలదాచుకున్న చోటు అది. మంచుయుగం వచ్చి వెళ్లినా నిలిచిన చోటు. ఆ ఆదివారం దాకా నిలిచింది, అంతే.

ఇక ఏమవుతుందోనన్న ఎదురుచూపు ఇందులో లేదు. ఏళ్లు ఒక్కొక్కటిగా ఆ రోజు వైపు నడిచిపోతుంటే చూస్తూ కూర్చోవడమే మనకు మిగిలింది. ఒక్క ఏడయినా ఆగి వెనక్కి తిరిగి ఉంటే బాగుండును. తిరగగలిగిన మలుపులు ఎన్నో ఉన్నాయి కనుకనే ఈ దుఃఖం ఇంత బరువు.

హేమర్స్‌లీ కొండల్లో, టామ్ ప్రైస్ అనే గని పట్టణానికి వాయవ్యంగా సుమారు 60 కిలోమీటర్ల దూరంలో ఉంది జూకన్ లోయ. అక్కడి మట్టిలో, రాతిలో ఇనుము నిండి ఉంటుంది. అందుకే కొండలన్నీ తుప్పు రంగులో, పొద్దువాలే వేళకు నెత్తురు రంగులో కనిపిస్తాయి. ముళ్లలాంటి స్పినిఫెక్స్ గడ్డి దుబ్బులు, అక్కడక్కడ తెల్లని మొదళ్ల యూకలిప్టస్ చెట్లు, వాటి మధ్యగా పుర్లీకుటి వాగు. ఆ వాగులో, రాతి ఒడిలో, పాముతల ఆకారంలో ఒక మడుగు. చుట్టూ నేల ఎండి నెర్రెలిచ్చినా ఆ మడుగులో నీళ్లుండేవి. పుట్టలో పాలు పోసి, పాముకు పసుపు కుంకుమ పెట్టే మన పల్లెల వాళ్లకు, అలాంటి మడుగు ముందు మనిషి ఎందుకు గొంతు తగ్గించి మాట్లాడతాడో విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఆ నేల పూతు కుంతి కుర్రమ, పినికుర ప్రజలది. వాళ్ల నమ్మకంలో పూర్వీకుల ఆత్మలు ఎక్కడికో వెళ్లిపోవు, ఆ లోయలోనే విశ్రమిస్తాయి. లోయకున్న జూకన్ అన్న పేరు కూడా వాళ్ల పూర్వీకుడొకరిది. ఆయన రక్తం పంచుకున్న వాళ్లు ఇవాళా ఉన్నారు. అందువల్ల అది వాళ్లకు దేవుడి చోటు, తాతగారి ఇల్లు, పిల్లలకు కథలు చెప్పే బడి, మూడూ ఒకటే. గుడి వేరు, ఇల్లు వేరు, అడవి వేరు అని గీతలు గీసుకున్న మనకు ఆ ఒకటితనం అర్థం కావడానికి కొంచెం సేపు పడుతుంది. గనుల కంపెనీకి, ప్రభుత్వానికి ఆ కొంచెం సేపు ఎన్నడూ దొరకలేదు.

ఆ గుహల మట్టిలో ఏముందో తలచుకోవాలి. పోయినదాన్ని పేరు పెట్టి పిలిచి ఏడ్చినప్పుడే ఏడుపుకు ఆనవాలు ఉంటుంది. ఏడు వేలకు పైగా వస్తువులు దొరికాయి. గింజలు నూరుకున్న రాళ్లున్నాయి. కంగారూ కాలి ఎముకను సూదిగా అరగదీసి చేసిన పనిముట్టు ఒకటుంది, దాని వయసు 28,000 ఏళ్లు. దాన్ని అరగదీసిన చేతులు ఎవరివో, ఏ తోలు కుట్టడానికో, ఏ పనికో మనకు తెలియదు. పని ముగించి, ఇంకోసారి వాడదామని గుహలో దాచుకొని ఉంటారు. ఎంత మామూలు నమ్మకం! రేపు వస్తాను, ఇది ఇక్కడే ఉంటుంది అన్న నమ్మకం.

ఆ తరవాత ఆ జుట్టు. 4,000 ఏళ్ల నాటి మనుషుల తలవెంట్రుకలు. ఒకరివి కావు, కొందరివి కలిపి, సవరం అల్లినట్టు అల్లారు. మొలతాడులో భాగం అయి ఉంటుందని శాస్త్రవేత్తలు అనుకున్నారు. మొహెంజొదారో వీధుల్లో ఇంకా జనం తిరుగుతున్న రోజుల్లో, భూగోళానికి అటువైపు ఎవరో కూర్చొని ఆ పాయలు అల్లారు. తల్లి జుట్టు ఉందేమో అందులో, అక్కచెల్లెళ్ల జుట్టు ఉందేమో. డీఎన్ఏ పరీక్ష చేశారు. ఆ వెంట్రుకలు నేటి పూతు కుంతి కుర్రమ, పినికుర ప్రజల సూటి పూర్వీకులవేనని తేలింది. వాళ్లు ఎప్పటినుంచో చెబుతున్న మాటే అది: మేము ఇక్కడి వాళ్లం, మా వాళ్లు ఇక్కడే ఉన్నారు. సైన్సు వచ్చి అవును, నిజమే అంది. ఏ తెగకైనా తమ తాతల చేతి అల్లిక నాలుగు వేల ఏళ్ల తరవాత అరచేతిలోకి వచ్చే భాగ్యం ఎన్నిసార్లు దొరుకుతుంది?

ఇక్కడే గుండె పట్టేసే సంగతి ఒకటుంది. ఆ మొలతాడు, ఆ ఎముక, ఆ నలభై ఆరు వేల ఏళ్ల లెక్క, ఇవన్నీ 2014లో తేలాయి. గుహను కూల్చడానికి ప్రభుత్వం అనుమతి ఇచ్చింది 2013 డిసెంబర్ 31న. అంటే ఆ తవ్వకం గుహను కాపాడుకోవడానికి జరగలేదు. ఎలాగూ పోతుంది కనుక, పోయేలోగా చేతికి దొరికింది దొరికినట్టు తీసి పెట్టుకోవడానికి జరిగింది. చావు ఖాయమైన మనిషి దగ్గర చివరి మాటలు రాసుకున్నారు. ఆ మాటలు వింటుంటే ఈ మనిషి ఎంత గొప్పవాడో తెలిసింది. అయినా తీర్పు కాగితం తీసి మళ్లీ చదివిన వాళ్లు లేరు.

అప్పటి చట్టం కూడా అలాగే రాసి ఉండేది. పశ్చిమ ఆస్ట్రేలియాలో ఆదివాసీ వారసత్వ స్థలాల చట్టం 1972 నాటిది. పవిత్ర స్థలాన్ని పాడుచేయడం నేరమని చెప్పిన చట్టమే, పద్దెనిమిదో సెక్షన్ కింద మంత్రి అనుమతి తెచ్చుకుంటే పాడుచేయవచ్చని కూడా చెప్పింది. అనుమతి రాకపోతే పైకి అప్పీలు చేసుకునే హక్కు అడిగిన కంపెనీకి ఉండేది. ఆ స్థలం ఎవరిదో వాళ్లకు మాత్రం ఆ హక్కు ఉండేది కాదు. అనుమతి ఇచ్చేశాక కొత్త సంగతులు ఎన్ని బయటపడినా, దాన్ని మళ్లీ చర్చకు పెట్టే దారి వాళ్లకు చట్టంలో ఎక్కడా ఉండేది కాదు. నేల కింద నలభై ఆరు వేల ఏళ్లు కనిపించినా సరే, సంతకం తేదీ సంతకం తేదీయే.

అంతకుముందు ఒక మలుపు ఉంది. మనసు మళ్లీ మళ్లీ అక్కడికే వెళ్లి ఆగిపోతుంది. ఆ గని పేరు బ్రోక్‌మన్ 4. కంపెనీ రియో టింటో, ప్రపంచంలోని అతి పెద్ద గనుల కంపెనీల్లో ఒకటి. 2012, 2013 సంవత్సరాల్లో గని గుంతను ఎటు పెంచాలా అని కంపెనీ నాలుగు ప్రణాళికలు వేసుకుంది. అందులో మూడు ఆ గుహలకు తగలకుండా పోయేవి. నాలుగోది మాత్రమే గుహల మీదుగా పోయేది. నాలుగో దారిలో వెళితే ఇంకో 80 లక్షల టన్నుల మేలి రకం ఖనిజం దొరుకుతుంది, దాని విలువ సుమారు 13 కోట్ల 50 లక్షల ఆస్ట్రేలియా డాలర్లు. కంపెనీ నాలుగోదే ఎంచుకుంది. మిగతా మూడు దారులు ఉన్నాయన్న సంగతి ఆ నేల ప్రజలకు చెప్పలేదు. కూల్చేశాక, 2020లో పార్లమెంటు కమిటీ విచారణలో గాని ఆ మాట వెలుగులోకి రాలేదు.

ఒక్క సమావేశం చాలు. ఒక బల్ల, దాని మీద నాలుగు పటాలు, చుట్టూ ఆ నేల పెద్దలు. ఇదీ దారి, అదీ దారి, మీరేమంటారు అని ఒక్క మాట. ఆ పెద్దలు ఏ పటం మీద వేలు పెట్టేవారో ఊహించడం కష్టం కాదు. ఆ బల్ల చుట్టూ వాళ్లు కూర్చోనే లేదు. వేరే దారి ఉందని తెలియని వాళ్లు ఏ దారి కోసం పోట్లాడతారు?

మన వైపు నుంచి ఒక సంగతి గుర్తుకొస్తుంది. అదే 2013లో, మన పార్వతీపురం దాటి రైలు ఒడిశాలోకి అడుగుపెట్టగానే వచ్చే రాయగడ జిల్లాలో, పక్కనున్న కలహండిలో, పన్నెండు పల్లెల్లో గ్రామసభలు జరిగాయి. నియమగిరి కొండ డోంగ్రియా కొంధుల దేవుడు నియమరాజు కొలువు. ఆ కొండను బాక్సైట్ కోసం తవ్వవచ్చా అన్న ప్రశ్నను ఆ పల్లెల ముందే పెట్టమని సుప్రీంకోర్టు ఏప్రిల్‌లో ఆదేశించింది. పన్నెండు పల్లెలూ ఒక్క గొంతుతో వద్దన్నాయి. కొండ నిలిచింది. మన దగ్గర అన్నీ ఇలాగే జరుగుతున్నాయని చెప్పే ధైర్యం నాకు లేదు. గోదావరి గట్ల మీద మునిగిన, మునగబోతున్న కోయ, కొండరెడ్డి పల్లెలు కళ్లముందే ఉన్నాయి. అయినా ఆ ఏడు ఒక కొండ దగ్గర అడిగారు, వాళ్లు చెప్పారు, విన్నారు. అదే ఏటి ఆఖరి రోజున జూకన్ లోయ మీద సంతకం పడింది.

పూతు కుంతి కుర్రమ, పినికుర ప్రజలు కంపెనీతో 2011లో ఒప్పందం చేసుకున్న మాట నిజమే. గనులకు దారి ఇచ్చి, బదులుగా కొంత ఆదాయం, కొన్ని హామీలు తీసుకున్నారు. కంపెనీ పనులకు అడ్డం రాకూడదన్న షరతులూ అందులో ఉన్నాయి. దీన్ని పట్టుకొని వాళ్లే ఒప్పుకున్నారు కదా అనేవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. చుట్టూ కొండలన్నీ గుత్తకు పోతున్నప్పుడు, వద్దన్నా ఆగదని తెలిసినప్పుడు, మనిషి ఎలాంటి కాగితం మీద సంతకం పెడతాడో మన ఊళ్లలో భూమి పోగొట్టుకున్న రైతును అడిగితే చెబుతాడు. ఆ నేల వాళ్లదేనని ఆస్ట్రేలియా ఫెడరల్ కోర్టు గుర్తించింది 2015లో. ఒప్పందం ముందు వచ్చింది, హక్కు వెనక వచ్చింది.

తరవాతి ఏళ్లు మరీ బాధాకరం, ఎందుకంటే అవి తెలిసిన ఏళ్లు. 2008లోనే ఒక చిన్న గుంత తవ్వి చూస్తే ఇరవై వేల ఏళ్లకు పైబడిన జాడలు కనిపించాయి. 2014లో అది రెట్టింపు దాటింది. మంచుయుగంలో ఆస్ట్రేలియా లోపలి భూములు ఎండి ఎడారులై, ఎన్నో చోట్ల మనుషుల జాడ లేకుండా పోయిన కాలంలో కూడా ఈ గుహకు మనుషులు వస్తూనే ఉన్నారు. సముద్రానికి దూరంగా, లోతట్టున, అలాంటి చోటు ఇంకొకటి తెలియదన్నారు. 2015లో ఆ లోయ గురించి, ఆ తవ్వకం గురించి ఒక డాక్యుమెంటరీ తీశారు. తీయించింది రియో టింటోయే. 2018లో తవ్వకం నివేదిక పూర్తి రూపంలో కంపెనీకి చేరింది. ఆస్ట్రేలియాలోనే అత్యున్నత పురావస్తు ప్రాముఖ్యం ఉన్న స్థలాల్లో ఇదొకటని అందులో రాసి ఉంది.

తెలియక చేసిన పాపమైతే మనసు కొంత తేలికపడేది. ఇక్కడ ప్రతి ఏటా తెలిసింది పెరుగుతూ పోయింది, దాని పక్కనే గని గుంత పెరుగుతూ పోయింది. రెండూ ఒకే కంపెనీలో, ఒకే ఫైలు అరల్లో ఉన్నాయి. ఒక గదిలో ఆ మొలతాడు వయసు లెక్కగట్టారు, ఇంకో గదిలో మందు దట్టించే బొరియలు లెక్కగట్టారు. రెండు గదుల మధ్య తలుపు తీసిన మనిషి లేడు.

2020 మే నెల మధ్య. ఏటా జూలైలో ఆస్ట్రేలియా ఆదివాసులు తమ చరిత్రను, సంస్కృతిని తలచుకుంటూ నైడాక్ వారం జరుపుకొంటారు. దానికోసం ఒకసారి జూకన్ లోయకు వెళ్లి రావాలని ఆ ప్రజల ప్రతినిధులు కంపెనీని అడిగారు. పండక్కి పుట్టింటికి వెళతామని అడిగినట్టే కదా అది. వచ్చిన జవాబుతో వాళ్లకు అసలు సంగతి తెలిసింది. కొండలో బొరియలు తొలిచారు, మందు దట్టిస్తున్నారు, పేల్చే రోజు దగ్గర్లోనే ఉంది.

అప్పటికింకా వారం పైగా గడువుంది. ఈ కథలో మనిషి ఊపిరి బిగబట్టేది ఈ రోజుల దగ్గరే. ఆపమని అడిగారు. కుదరదని జవాబు. ఒకసారి బొరియలో దట్టించిన మందును క్షేమంగా బయటికి తీయలేమని, ఎక్కువ రోజులు అలా వదిలేయడమూ ప్రమాదమేనని కంపెనీ చెప్పింది. మొత్తం 382 బొరియలు. తరవాతి విచారణలో ఒక సంగతి బయటపడింది. ఆ బొరియల్లో కొన్నింటి నుంచి మందు వెనక్కి తీశారు. గుహల కోసం తీయలేదు. చుట్టుపక్కల, అనుమతి లేని వేరే వారసత్వ స్థలాలు దెబ్బతింటే చట్టం పట్టుకుంటుందని తీశారు. తీయడం సాధ్యమే అన్నమాట. ఎక్కడ నేరమవుతుందో అక్కడ సాధ్యమైంది, ఎక్కడ సంతకం ఉందో అక్కడ సాధ్యం కాలేదు.

ఆ ప్రజల తరఫు లాయర్లు కేంద్ర మంత్రుల కార్యాలయాల తలుపులు తట్టారు. కోర్టు నుంచి ఆపుదల ఉత్తర్వు వస్తే ఎలా ఎదుర్కోవాలా అని కంపెనీ తన లాయర్లను సిద్ధం చేసుకుంది. ఆ ఉత్తర్వు రానే లేదు. ఢిల్లీలాంటి రాజధాని అక్కడా ఉంది, కాన్‌బెర్రా. అక్కడ ఒక్క మంత్రి ఆ వారాంతంలో ఒక్క కాగితం మీద సంతకం పెట్టి ఉంటే ఆ ఆదివారం మామూలు ఆదివారమయ్యేది. గుహ దగ్గర గాలి వీచేది, మడుగు మీద పక్షులు వాలేవి, ఇంకేమీ జరిగేది కాదు. ఇంకేమీ జరగకపోవడమే ఆ పెద్దలు కోరుకున్నది.

మే 24న పేల్చారు.

రెండు రోజులకు, మే 26న, ఆస్ట్రేలియా ఏటా జరుపుకొనే నేషనల్ సారీ డే వచ్చింది. తల్లుల ఒళ్లలోంచి లాక్కుపోయిన ఆదివాసీ పిల్లలకు దేశం క్షమాపణ చెప్పుకొనే రోజు. ఆ రోజున ఆ తెగ పెద్దలు తమ తాతల చోటు లేదన్న కబురుతో కూర్చొని ఉన్నారు. తరవాత విచారణ కమిటీ ముందుకు వాళ్లు వచ్చి మాట్లాడారు. వాళ్ల మాటల్లో కోపం కన్నా భయం ఎక్కువ: పూర్వీకుల ఆత్మలకు ఇప్పుడు విశ్రాంతి ఎక్కడ, మేం కాపాడలేకపోయామని వాళ్లకు ఏమని చెప్పుకోవాలి? తప్పు చేసిన వాళ్లెవరూ మోయని సిగ్గును ఏ తప్పూ చేయని వాళ్లు మోశారు. ఇలాంటి కథలన్నిటిలోనూ ఇదే జరుగుతుంది గాని, అలవాటై మాత్రం పోదు.

కంపెనీ వారం తిరక్కుండా క్షమాపణ చెప్పింది. అది ఆ ప్రజలకు కలిగిన బాధకే గాని, చేసిన పనికి కాదన్న సంగతి కొద్ది రోజులకే బయటికి పొక్కింది. ఆగస్టులో పై అధికారుల బోనసుల్లో కోత పెట్టారు. అంతేనా అని దేశం, వాటాదార్లు మండిపడ్డారు. సెప్టెంబరులో ముఖ్య కార్యనిర్వహణాధికారి జాన్ సెబాస్టియన్ జాక్‌తో పాటు ఇంకో ఇద్దరు పెద్ద అధికారులు తప్పుకుంటారని ప్రకటించారు. పేలుడు జరిగే దాకా ఆ గుహల సంగతే తనకు తెలియదని జాక్ పార్లమెంటు కమిటీకి చెప్పారు. ఆ మాట నిజమే కావచ్చు. ఏడు వేల వస్తువులు, ఒక సినిమా, ఒక నివేదిక, ఇన్నేళ్లు కలిసి కూడా ఆయన గది దాకా మెట్లు ఎక్కలేకపోయాయని అప్పుడు అర్థమవుతుంది. డిసెంబరులో కమిటీ 'నెవర్ ఎగైన్' పేరుతో తొలి నివేదిక ఇచ్చింది, మరుసటి ఏడు అక్టోబరులో తుది నివేదిక ఇచ్చింది.

పశ్చిమ ఆస్ట్రేలియా ప్రభుత్వం 2021లో కొత్త చట్టం చేసింది. అది 2023 జూలై 1న అమల్లోకి వచ్చింది. మా పొలంలో కంచె రాయి పాతుకోవాలన్నా అనుమతులా అని రైతులు, భూముల వాళ్లు గొడవ చేశారు. ఆగస్టు 8న ఆ చట్టాన్ని రద్దు చేస్తున్నట్టు ప్రభుత్వం ప్రకటించింది. అప్పటికి అది అమల్లోకి వచ్చి గట్టిగా ఆరు వారాలు కూడా కాలేదు. 1972 నాటి చట్టమే కొన్ని దిద్దుబాట్లతో తిరిగి వచ్చింది. ఆ దిద్దుబాట్లలో ఒకటి, ఇకమీదట ఆదివాసులు కూడా అప్పీలు చేసుకోవచ్చన్నది. ఇంత చిన్న వాక్యం పదేళ్ల ముందు చట్టంలో ఉండి ఉంటే ఎలా ఉండేదో అనుకుంటే కళ్లు చెమ్మగిల్లుతాయి.

పేలుడు తరవాత లోయలో శిథిలాలు తొలగించే పని మొదలైంది. పురావస్తు శాస్త్రవేత్తలు ఆ ప్రజలతో కలిసి, కూలిన రాళ్ల కింద మిగిలిన మట్టిని గంపలకెత్తి జల్లెడ పట్టారు. 2022 నవంబరులో కంపెనీ వాళ్లతో పరిహార ఒప్పందం చేసుకుంది, జూకన్ లోయ పేరిట ఒక ఫౌండేషన్‌కు డబ్బు ఇస్తామంది. 2025 జూన్‌లో ఇంకో ఒప్పందం మీద ఇరు పక్షాలూ సంతకాలు చేశాయి. దాని ప్రకారం, ఆ నేల మీద గని ఎటు పోవాలన్న ఆలోచన మొదలైనప్పుడే పూతు కుంతి కుర్రమ, పినికుర పెద్దలను కూర్చోబెట్టి, పటాలు ముందు పెట్టి అడగాలి.